అత్తమ్మ, నేను, ఎండ పడే ఇళ్లు

సినిమావాళ్లకు ఇళ్లు, చేలు, బావులు, గుట్టలు వెతికిపెట్టే పనిలోకి నేను చీరల మూట మోసుకుంటూ వచ్చాను. ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వుతారు. నాకూ నవ్వొస్తుంది.

నేను పుట్టింది అయిజలో. ఎనభైల మధ్యలో పెళ్లయి గద్వాలకు వచ్చాను. పుట్టిల్లూ మెట్టినిల్లూ రెండూ మగ్గాల ఇళ్లే. మా ఆయన నేసేవాడు. మామ అప్పటికే లేడు. నేసిన చీరల్లో దుకాణాలవాళ్లు తీసుకుపోగా మిగిలినవి మూటకట్టుకుని వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు ఊళ్లలో ఇంటింటికీ తిప్పి అమ్మే పని అత్తమ్మది. పెళ్లయిన మూడో నెలకే ఆ మూటలో సగం నా భుజానికెక్కింది.

మొదటిసారి నాగర్‌కర్నూలులో ఒక ఇంట్లో నేనే ముందుగా మూట విప్పాను. వంకాయ రంగు చీర, ఎర్రంచు. మా ఆయన పన్నెండు రోజులు కూర్చుని నేసింది. ఆ ఇంటావిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నల్ల చీర నాకెందుకమ్మా" అని పక్కన పెట్టేసింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. బయటికి వచ్చాక అత్తమ్మ కోప్పడలేదు. వీధి మధ్యలో నిలబడి, ఆ చీర కొంగు పట్టుకుని ఎండలో పరిచింది. వంకాయ మెరిసింది, అంచు నిప్పులా మండింది.

"ఇంట్ల జూపెడితె ఇది మసిగుడ్డ బిడ్డా. ఎండల జూపెడితెనె చీర. ఏ ఇంటికి బోయినా ముందు ఎండ యాడున్నదో సూడు. తర్వాత మూట ఇప్పు" అన్నది.

ఆ రోజు నుంచి నా కళ్లు మనుషుల మొహాలకన్నా ముందు నేల మీద ఎండను వెతకడం మొదలుపెట్టాయి. ఎవరి అరుగు మీద ఎన్నింటికి ఎండ వస్తుంది, ఎవరి వాకిట్లో ఎప్పుడు పోతుంది, ఎవరి ఇంట్లో వంటగది కిటికీ లోంచి ఒక్క అరగంట మాత్రం నిలువుగా దిగుతుంది అన్నీ నోటికొచ్చాయి. మా తిరుగుడంతా దాని ప్రకారమే. పొద్దున ఎనిమిదింటికి తూర్పు అరుగుల ఇళ్లు, మధ్యాహ్నం లోపల వాకిళ్లున్న ఇళ్లు, మూడు దాటితే పడమటి పెరళ్లు. మూడేళ్లు అలా తిరిగాం. ఇదేదో విద్య అని మాకు తెలియదు. చీర అమ్ముడుపోవాలి, అంతే.

ఒక చలికాలం పొద్దున్నే ఫస్టు బస్సుకు వనపర్తి వెళ్లాం. అక్కడ మాకు ఒక వకీలు గారి ఇల్లు వాడుక. ఆయన భార్య, మేం వకీలమ్మ అనేవాళ్లం, అరుగు మీద కూర్చుని చిలకపచ్చకూ మామిడిపండు రంగుకూ మధ్య ఊగుతోంది. అప్పుడే వాకిట్లో ఒక అంబాసిడర్ కారు ఆగింది. నలుగురు దిగారు. సినిమావాళ్లట. షూటింగుకు ఇల్లు అడగడానికి వచ్చారు. వకీలు గారు స్నానానికి వెళ్లారు. వాళ్లలో పొడుగాటి మనిషి ఒకడు అరుగు అంచున నిలబడి తలెత్తి దూలాలు చూస్తున్నాడు. అతని నీడ తిన్నగా మా చీర మీద పడింది.

"ఓ అయ్యా, జర పక్కకు జరుగు. నువ్వు గాడ నిలవడితె మా మామిడిపండు చింతపండయితున్నది" అన్నది అత్తమ్మ.

అతను జరిగాడు. చీర మళ్లీ పండింది. అతను ఆ చీర వంక, ఎండ వంక, మళ్లీ చూరు వంక చూశాడు. తర్వాత తెలిసింది, అతనే కెమెరామన్.

"ఈ ఎండ ఇక్కడ ఎంతసేపుంటుందమ్మా?" అని అడిగాడు.

"తొమ్మిదింబావు దాంక" అన్నాను నేను, తలెత్తకుండా చీర మడత పెడుతూ. "తర్వాత చూరు నీడ దిగుతది. మళ్ల మూడు గొట్టినంక వెనక వాకిట్ల గోడ మీదికొస్తది. గది గూడ చలికాలం లెక్క. ఎండకాలమైతె ఇంకా జల్దినే పోతది."

అతను గడియారం చూసుకుని మెట్టు మీద కూర్చుండిపోయాడు. మిగతావాళ్లు పిలిచినా కదల్లేదు. చూరు నీడ నెమ్మదిగా అరుగు మీదికి పాకి, చీర అంచును తాకింది. అతను మళ్లీ గడియారం చూశాడు. తొమ్మిదింబావు మీద రెండు నిమిషాలు. తనలో తనే నవ్వుకుని, బట్టతల ఆయన ఒకర్ని పిలిచాడు. ఆయన ప్రొడక్షన్ మేనేజరు. "వీళ్లిద్దర్నీ వదలకండి" అన్నాడు కెమెరామన్.

వాళ్లకు కావలసింది లోపల వాకిలి ఉండి, దాని చుట్టూ నాలుగు వైపులా వసారా ఉండి, సాయంత్రం నాలుగు దాకా ఎండ లోపలికి దిగే పాత ఇల్లు. మేనేజరు అది చెప్పాక నేను అత్తమ్మ వైపు చూశాను. అత్తమ్మ వేళ్లు మడిచి ఏదో లెక్కపెట్టుకున్నది.

"గసొంటియి ఐదున్నయి. మీకు మంచి తలుపులున్న ఇల్లు గావాల్నా, మంచి మనుషులున్న ఇల్లు గావాల్నా?"

"రెండూ కావాలమ్మా."

"రెండూ అంటె ఒక్కటే. కోడేరుల ఉన్నది."

ఇద్దరు వకీలు గారి దగ్గరే ఉండిపోయారు. మేనేజరు, కెమెరామన్, మేమిద్దరం కారెక్కాం. అత్తమ్మ ఎవరూ చెప్పకముందే ముందు సీట్లో కూర్చుని మూట ఒళ్లో పెట్టుకున్నది. ఇద్దరికీ అదే మొదటి కారు. ఊరు దాటగానే అద్దం దించి చెయ్యి బయట పెట్టింది. డ్రైవరుకు ఎక్కడ గుంత ఉంటుందో, ఎక్కడ మేకలు అడ్డమొస్తాయో ముందే చెబుతోంది. వెనక కూర్చున్న నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కోడేరు దాకా నవ్వు ఆపుకున్నాను.

ఆ ఇంటి ముందు కారు ఆగగానే మేనేజరు బ్యాగు తీసుకుని దిగబోయాడు. అత్తమ్మ ఆపింది.

"నువ్వు ఊకో బిడ్డా. ముందు నీళ్లడగాలె. నీళ్లిచ్చినోళ్లు మనల ఇంట్లకు రానిచ్చినట్టె. తర్వాత కాదనుడు కష్టం."

ఆ ఇంటికి పెద్ద ఒక అవ్వ. కొడుకులు పొలానికి వెళ్లారు. ఆమె మంచినీళ్లు ఇచ్చింది. మేనేజరు భయంతో మూడు చెంబులు తాగాడు. అత్తమ్మ మూట విప్పింది, రెండు చీరలు చూపించింది, కోడలి కాన్పు గురించి అడిగింది, పల్లీల ధర గురించి మాట్లాడింది. కెమెరామన్ ఈలోగా వాకిలి మధ్యలో నిలబడి నాలుగు దిక్కులా తిరుగుతున్నాడు. అతని మొహం చూస్తే గుళ్లోకి వచ్చినవాడిలా ఉంది. చివర్లో, వెళ్లొస్తామన్నట్టు లేస్తూ అత్తమ్మ అసలు మాట బయటపెట్టింది.

"ఈళ్లు సినిమా దీసెటోళ్లవ్వా. మీ ఇంట్ల నాలుగొద్దులు దీసుకుంటమంటున్నరు."

అవ్వ వాళ్లను కింది నుంచి పైకి చూసింది. "నన్ను ఇల్లిడిచి పొమ్మంటరా?"

"లేదమ్మా, మీరు ఇక్కడే ఉండొచ్చు" అన్నాడు మేనేజరు.

"అయితె రమ్మను. నాకూ పొద్దువోతది."

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మా ఆయన మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చునే ఉన్నాడు. ఎప్పటిలాగే, "ఎన్ని పోయినయ్?" అని అడిగాడు.

"చీర ఒక్కటి వోలే. ఇల్లొకటి వోయింది" అన్నది అత్తమ్మ.

పడుగులోంచి విసరబోతున్న నాడె ఆయన చేతిలో అలాగే ఆగిపోయింది. "ఎవలిల్లు?"

నేను నవ్వు ఆపుకోలేక నేల మీద కూర్చుండిపోయాను. అంతా చెప్పేసరికి గంట పట్టింది. ఆయన విని, నాడె మళ్లీ విసిరి, "సినిమాలల్లకు బోతరా ఏంది మీరిద్దరు" అన్నాడు. వద్దని మాత్రం అనలేదు.

వారం తర్వాత కోడేరులో షూటింగు మొదలైంది. ఆ నాలుగు రోజులూ మేం అక్కడ ఉండాలన్నాడు మేనేజరు. ఇంటివాళ్లకూ యూనిట్‌కూ మధ్య మాట తేడా రాకుండా చూడడం మా పని. కథ కోనసీమలో జరుగుతుందట. అందుకని వాకిట్లో వేపచెట్టుకు కొబ్బరి మట్టలు కడుతున్నారు. అవ్వ అది చూసి నన్ను పిలిచింది.

"యాపచెట్టుకు మట్టలెందుకు గడ్తుండ్రు పిల్లా?"

"సినిమాల ఇది కొబ్బరిచెట్టు అవ్వా."

"మరి నేనేంది?"

ఆ మాట నేను డైరెక్టరుకు చెప్పాను. ఆయన నవ్వి నవ్వి కుర్చీలోంచి లేచి, వసారాలో బియ్యం ఏరే షాటులో అవ్వను కూర్చోబెట్టాడు. ఆమె కెమెరా వైపు ఒక్కసారి కూడా చూడకుండా బియ్యం ఏరింది. షాటు అయిపోయిందని చెప్పినా ఆపలేదు, చేటలో బియ్యం ఇంకా ఉన్నాయిగా.

రెండో రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్ద చిక్కు వచ్చింది. లైట్లన్నీ పెట్టి, హీరోయిన్ నడిచి రావలసిన చోట సున్నంతో గుర్తులు వేసి సిద్ధం చేశారు. అవ్వ వచ్చి సరిగ్గా ఆ గుర్తుల మీద చాప పరుచుకుని పడుకుంది. రోజూ పడుకునే చోటు అదే. కన్ను మూసిందో లేదో గురక. మేనేజరు నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"లేపమ్మా."

"లేపితె ఇల్లు వోతది" అన్నది అత్తమ్మ నా కన్నా ముందు.

ఇక చేసేదేముంది. యాభై అరవై మంది మనుషులు ఎక్కడివాళ్లక్కడ కూర్చున్నారు. జనరేటరు ఆపారు. లైట్లవాళ్లు, మేకప్పాయన, డైరెక్టరు, అందరూ నోటి మీద వేలు. ఎవరికో తుమ్ము వస్తే వీధిలోకి పరిగెత్తి తుమ్మి వచ్చాడు. అంత పేరున్న హీరోయిన్ గోడకు ఆనుకుని, నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ఆమె తలనూనె వాసన నాకిప్పటికీ గుర్తు. అచ్చం మా అయిజ కొట్లో దొరికే నూనే. కెమెరామన్ ఒక్కడు ఎండ కదిలిపోతుంటే దాని వెంట చూపు పంపుతూ చేతులు నలుపుకుంటున్నాడు.

అవ్వ పావుగంటకే కళ్లు తెరిచింది. లేచి కూర్చుని చుట్టూ చూసింది. అంతమంది చేతులు కట్టుకుని తన వైపే చూస్తున్నారు.

"ఏందిరా గిట్ల కూసున్నరు? ఎవరన్న వోయిండ్రా?"

"మీకు నిద్రాభంగం కాకూడదని అవ్వా" అన్నాడు మేనేజరు మెల్లగా.

"మంచిగ సప్పుడు జేస్తుంటిరి, నిద్రవట్టె. సప్పుడు ఆపంగనె మెలకువొచ్చె" అని ఆమె చాప ఇంకో మూలకు లాక్కుని మళ్లీ పడుకుంది.

జనరేటరు వేశారు. అవ్వ గురక, డైరెక్టరు అరుపులు, సుత్తి దెబ్బలు అన్నీ కలిపి సాయంత్రం దాకా సాగాయి. ఆ రోజు యూనిట్ అంతా నవ్వుతూనే పని చేసింది.

అదే సినిమాకు జొన్నచేను కూడా మేమే చూపించాం. బిజినేపల్లి దగ్గర, రోడ్డుకు కొంచెం ఎడంగా, వెనక నల్లరాతి గుట్ట. తెల్లజొన్న మనిషెత్తు పెరిగి కంకి పాలు దాటి గట్టిపడింది. సాయంత్రం ఎండ గుట్ట మీదుగా కంకుల వెనక నుంచి వస్తుంటే చేను చేనంతా దీపాలు పెట్టినట్టుంటుంది. హీరో హీరోయిన్లు ఆ చేలో పోట్లాడుకునే సీను. మొదటి రోజు సగం తీశారు. మిగతా సగం మర్నాటికి ఉంచారు.

మర్నాడు అత్తమ్మ మోకాలు వాచి ఇంట్లోనే ఉండిపోయింది. నేనొక్కదాన్నే వెళ్లాను. పన్నెండు గంటలకు యూనిట్ బండ్లన్నీ అక్కడ ఆగాయి. దిగి చూస్తే చేను లేదు. నేలంతా కోసిన జొన్న బారులుగా పడి ఉంది. కాపు, అంటే ఆ చేను యజమాని, కొడవలి పక్కన పెట్టి గట్టు మీద కూర్చుని సద్ది తింటున్నాడు.

నేను గట్టు దగ్గరికి పరిగెత్తాను. "ఏందన్నా గిట్ల జేస్తివి? రెండు దినాలని గదా మాట్లాడుకున్నం."

"తెల్లారంగ మబ్బు వట్టె చెల్లే. వాన వడితె కంకి నల్లవడ్తది. మీ సినిమ రేపయిన దీస్తరు. నా జొన్న రేపు వస్తదా?"

పైన మబ్బు జాడే లేదు. పదింటికల్లా విడిచిపోయిందట. డైరెక్టరు జొన్న మోపు మీద చతికిలబడ్డాడు. హీరోయిన్ మర్నాడు వేరే ఊరు వెళ్లిపోవాలి. మేనేజరు నా వైపు చూశాడు. ఆ చూపు కన్నా తిట్టినా బాగుండేది.

కాపు అన్నం ముద్ద చేతిలో పట్టుకుని గుట్ట వైపు చూశాడు. చేసింది తప్పు కాకపోయినా అతనికీ మనసు పట్టలేదు. "ఇంకో చేనుంది" అన్నాడు చివరికి. "గీ గుట్ట కిందనే, మైలు దూరం. నా కన్న పది దినాలు ఎన్క విత్తిండు. కోత కాలే."

"ఎవలది?"

"ఉన్నడు తీయి ఒకడు. సూపెడ్త నడువు. నేను మాత్రం దిగ."

ఎందుకు దిగడో నేను అడగలేదు. కారెక్కించుకున్నాం. ఆ చేను నిజంగానే అచ్చం అలాగే ఉంది. అదే ఎత్తు, అదే తెల్ల కంకి, వెనక అదే గుట్ట. కెమెరామన్ సంతోషంతో నా చెయ్యి పట్టుకుని ఊపాడు. "ఐదింటి దాకా ఎండ ఉంటుంది కదా" అన్నాడు.

నేను గుట్ట వంక చూశాను. చేను గుట్టకు బాగా దగ్గర. "ఉండదు సార్. నాలుగుంబావుకే గుట్ట నీడ చేన్లకొస్తది."

అప్పటికి రెండు దాటింది. చేను యజమాని మంచె మీద పిట్టల్ని కొడుతున్నాడు. మీసాల మనిషి. నేను పోయి నీళ్లు అడిగాను. ఇచ్చాడు. విషయం చెప్పాను. సరే అనబోయాడు. ఇంతలో కారులో వెనక్కి నక్కి కూర్చున్న కాపు మీద అతని చూపు పడింది.

"కార్ల ఉన్నదెవరు?"

నేను నిజమే చెప్పాను. మీసాలాయన మంచె దిగి వచ్చి చేతులు కట్టుకున్నాడు. ఆయన కాపుకు సొంత బావ. కాపు అక్కను ఇచ్చింది ఈయనకే. నాలుగేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. ఒక పెళ్లిలో కాపు వడ్డిస్తూ అందరికీ కూర వేసి, బావ విస్తరి దగ్గరికి వచ్చేసరికి పప్పు వేశాడట. కూర అయిపోయిందన్నాడట. కానీ ఆ పక్క విస్తట్లో కూర పడిందట.

"ఆయన నోటితోని అడుగుమను. అప్పుడిస్త" అన్నాడు బావ.

నేను కారు దగ్గరికి పరిగెత్తాను. "అన్నా, నిన్నే అడుగుమంటుండు."

"నేనడుగ."

మళ్లీ చేలోకి పరిగెత్తాను. "అడుగడంట."

"అయితె నేనియ్య."

అలా నాలుగుసార్లు తిరిగాను. గట్ల మీద చీర కుచ్చిళ్లు పట్టుకుని పరిగెత్తుతుంటే నాకు ఒక్కసారిగా నవ్వు ముంచుకొచ్చింది. యూనిట్ మొత్తం దారి మీద నిలబడి నన్ను చూస్తోంది. హీరో గొడుగు కింద నిలబడి చూస్తున్నాడు. గుట్ట వైపు సూర్యుడు దిగుతున్నాడు. అంతా కలిపి ఒక విస్తట్లో పడని కూర కోసం. నవ్వుతూనే పోయి కారు తలుపు తీసి కాపు చెయ్యి పట్టి దించాను.

"అన్నా, మూడైంది. గంటసేపట్ల నీడొస్తది. ఆ తర్వాత నువ్వడిగినా నాకు పనికిరాదు."

అతను గట్టు దాకా వచ్చాడు. బావ గట్టుకు అవతల. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడకుండా జొన్నను చూస్తున్నారు.

"ఇయ్యి" అన్నాడు కాపు.

"ఎవలికంటున్నవ్?"

"నీకే."

"నాకో పేరు లేదా, వరస లేదా?"

కాపు మెడ గోక్కున్నాడు. "ఇయ్యి బావా" అన్నాడు.

"ఏందీ?"

"ఇయ్యి బావా అంటున్న గద."

బావ మీసాల మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వో ఏడుపో ఆయనకే తెలియాలి. "తీసుకోమను" అన్నాడు. అనడమే ఆలస్యం, కెమెరా చేలో ఉంది. ఆ గంటలో వాళ్లు పని చేసిన వేగం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. బావా బామ్మర్దులిద్దరూ గట్టు మీద పక్కపక్కన కూర్చుని బీడీ పంచుకున్నారు. హీరో కోపంగా చేలోంచి నడిచి రావాలి, వచ్చాడు. రెండు మొక్కలు విరిగాయి.

"ఏయ్, సాలు వట్టి నడువు, సాలు వట్టి" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు.

షాటు పాడైంది. డైరెక్టరు తల పట్టుకున్నాడు. హీరో మాత్రం వాళ్ల దగ్గరికి వచ్చి సాలు పట్టి, అంటే మొక్కల వరసల మధ్య నుంచి, ఎలా నడవాలో చూపించమన్నాడు. కాపు చూపించాడు. రెండోసారి హీరో సరిగ్గా నడిచాడు, ఒక్క మొక్క ఒరగలేదు. గుట్ట నీడ చేను అంచుకు వచ్చేసరికి చివరి షాటు అయిపోయింది. నాలుగుంబావు. కెమెరామన్ గడియారం నా మొహం ముందు పెట్టి చూపించి, కెమెరా సర్దుకోవడానికి వెళ్లాడు. ఇంటికి వచ్చి చెబితే అత్తమ్మ మోకాలి నొప్పి మరిచిపోయి లేచి కూర్చుంది. "అయ్యో, నేను లేకపోతి గద" అని రెండు రోజులు అదే బాధ.

ఆ సినిమా వనపర్తి టాకీసుకు వచ్చింది. కోడేరు ఇల్లు కోనసీమ ఇల్లయింది, పాలమూరు జొన్నచేను ఇంకేదో జిల్లా చేనయింది. టాకీసులో మా వెనక వరసలో ఒకాయన, "ఎంత మంచిగుంది ఊరు, గసొంటియి మన దిక్కు యాడుంటయి" అన్నాడు. అత్తమ్మ వెనక్కి తిరిగి ఏదో అనబోతే నేను ఆమె చెయ్యి నొక్కి పట్టుకున్నాను. ఇద్దరం కొంగులు నోట్లో కుక్కుకున్నాం.

ఆ తర్వాత మమ్మల్ని వెతుక్కుంటూ రావడం మొదలైంది. మా వీధి మొదట్లో మందుల దుకాణంలో ఫోనుండేది. హైదరాబాదు నుంచి ఫోను వస్తే దుకాణం ఆయన వీధిలోకి వచ్చి, "అత్తాకోడళ్లకు ఫోనూ" అని కేకేసేవాడు. ఒకరికి పడమటి గోడ మీద సాయంత్రం ఎండ పడే బడి కావాలి. ఒకరికి మెట్ల బావి కావాలి, కాని మెట్లు అరిగి ఉండాలి. నేను నోటుబుక్కు పెట్టాను. ఇంటివాళ్ల వరస, తలుపు ఎటు తెరుచుకుంటుంది, ఏ నెలలో ఎండ ఎంతసేపు, ఇంట్లో ఎవరి మాట చెల్లుతుంది, అన్నీ రాసుకున్నాను. చివరిది అన్నింటికన్నా ముఖ్యం. చాలా ఇళ్లలో అది ఇంటి యజమాని కాదు.

తప్పులూ చేశాం. నాగర్‌కర్నూలులో ఒక ఇల్లు చూపించి, షూటింగు రోజుకు వెళితే ఆ ఇంటికి ముచ్చటగా కొత్త నీలం రంగు వేసి పెట్టారు, సినిమావాళ్లు వస్తున్నారని. పాత గోడల కోసమే ఆ ఇల్లు ఎంచుకున్న డైరెక్టరు ఆ నీలాన్ని గోటితో గీకి చూశాడు. అప్పటి నుంచి ఏ ఇంటికి వెళ్లినా వచ్చేముందు, "మీరేం సదరకుండ్రి, గిట్లనే ఉండనియ్యండ్రి" అని మూడుసార్లు చెప్పేదాన్ని.

తొంభైల మొదట్లో ఒక టీవీ సీరియల్ వచ్చింది. పదమూడు వారాలది. వాళ్లు ఒక కాగితం తెచ్చి పేరు, హోదా రాయమన్నారు. వచ్చినాయన, "లొకేషన్ మేనేజర్ అని రాయండమ్మా" అన్నాడు నాతో. రాశాను.

"మరి నేనేంది?" అన్నది అత్తమ్మ.

"మీరు అసిస్టెంట్ అండీ."

"ఎవరికి ఎవరు?"

ఆయన నా మొహం చూశాడు. నేను ఆకాశం చూశాను. చివరికి ఇద్దరి పేర్లూ ఒకే వరసలో రాసి, ఒకే హోదా పెట్టాడు. అత్తమ్మ వేలిముద్ర వేసి, కాగితం ఎండలోకి పట్టుకుని సిరా ఆరేదాకా చూసింది. మా ఆయన ఆ వారమంతా ఇంట్లో మమ్మల్ని "మేనేజరమ్మా" అనే పిలిచాడు. పిలిస్తే ఇద్దరం పలికేవాళ్లం.

ఆ సీరియల్‌కు చుట్టూ నీళ్లున్న ఊరు కావాలన్నారు. మొత్తం మీరే చూసి ఖాయం చేయండి, మేం తర్వాత వస్తాం అన్నారు. అలా ముందు మమ్మల్నే నమ్మి పంపడం అదే మొదలు. గద్వాలకు దగ్గరలో కృష్ణ మధ్యలో గుర్రంగడ్డ ఉంది కదా. కారు నది దాకా వెళ్లింది. అక్కడి నుంచి పుట్టి, వెదురు బుట్టలాంటి పడవ. గుండ్రటి పుట్టిలో అత్తమ్మ మధ్యన కూర్చుంది, నేను అంచు పట్టుకున్నాను. నడి నీళ్లలోకి వెళ్లగానే పుట్టి గిర్రున తిరగడం మొదలుపెట్టింది. ఒడ్డు, గుట్ట, ఒడ్డు, ఆకాశం, అత్తమ్మ, మళ్లీ ఒడ్డు. నాకు తల తిరిగింది. అత్తమ్మ చిన్నపిల్లలా పగలబడి నవ్వుతోంది. ఆమె అంతగా నవ్వడం నేను చూసింది అప్పుడే. నేనూ మొదలుపెట్టాను. ఆపుకోవాల్సిన అవసరం లేదు, చుట్టూ నీళ్లే.

పుట్టి నడిపే ఆయన మమ్మల్ని అనుమానంగా చూశాడు. "ఏం పని మీద వోతుండ్రమ్మా?"

"జాగలు సూసే పని" అన్నది అత్తమ్మ ఊపిరి పీల్చుకుని.

"కొంటరా?"

"కొనం."

"అమ్ముతరా?"

"అమ్మం గూడ. సూస్తం, నాలుగు దినాలు తీసుకుంటం, మళ్ల ఎవరియి వాళ్లకిస్తం."

ఆయన తెడ్డు వేయడం మానేశాడు. "గదేం పనమ్మా?" అన్నాడు.

"నాకూ మొదట్ల తెల్వలే బిడ్డా" అన్నది అత్తమ్మ.

పుట్టి ఒడ్డు తాకింది. రాయి మీద బట్టలు ఉతుకుతున్న ఒకామె తలెత్తి చూసింది. అత్తమ్మ నా చెయ్యి పట్టుకోకుండానే నీళ్లలోకి దిగి, చీర కాస్త ఎత్తి పట్టుకుని, "ఏం చెల్లే, పిల్లలు మంచిగున్నరా" అంటూ ఎన్నాళ్లుగానో తెలిసినదానిలా ఆమె వైపు నడిచింది. నేను నోటుబుక్కు తడవకుండా తల మీద పెట్టుకుని వెనకాలే దిగాను.